కుడిచేతి వాచీ

పెడనలో మా వీధికి ఏ కొత్త వస్తువు వచ్చినా అది పనికొస్తుందో లేదో తేల్చేది నేనే. నన్నెవరూ నియమించలేదు. నోరున్నవాడిదే రాజ్యం కాబట్టి ఆ పదవి నాకు దక్కింది. నడుంనొప్పి తగ్గిస్తుందని అయస్కాంతాల పరుపు అమ్మడానికొకడు వస్తే, "ముందు నీ స్కూటరుకున్న సొట్ట దీనిమీద పడుకోబెట్టి తగ్గించు, తర్వాత మా నడుముల సంగతి చూద్దాం" అని సాగనంపాను. పక్క వీధిలో కొన్నవాళ్ళు తర్వాత లబోదిబోమన్నారు. మా వీధిలో ఒక్కరూ మోసపోలేదు. అప్పటినుంచి ఎవరేది కొనాలన్నా "అంకమ్మరావుని అడుగుదాం" అనేవారు. నేనూ ఓ వెటకారం విసిరి తీర్పు చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఆ నవ్వంటే నాకు చచ్చేంత ఇష్టం. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ ఇష్టం వల్ల జరిగిందే.

నా భార్య పేరు రావమ్మ. మా ఇంట్లో మగ్గం నాది, రాట్నం ఆమెది. నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, ఆమె నాకెదురుగా గోడవారన కూర్చుని రాట్నం తిప్పుతూ, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలోకి కావలసిన దారపు కండెలు చుట్టి ఇచ్చేది. ముప్ఫై ఏళ్ళు అలా ఎదురెదురుగా కూర్చున్నాం. ఎంత పోట్లాడుకున్నా దారం అయిపోగానే నేను చెయ్యి చాపాలి, ఆమె కండె అందించాలి. అందుకని మా పోట్లాటలు పూట దాటేవి కావు. మాకు ఒక్కతే కూతురు, రాజ్యశ్రీ; మాకు రాజ్యం. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఫోన్లూ వాచీలూ అమ్మే షాపులో పనిచేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటోంది.

పోయిన వేసవిలో రావమ్మకి బీపీ ఉందని బయటపడింది. బందరులో డాక్టరు మాత్రలు రాసి, రోజూ ఆరువేల అడుగులు నడవమన్నాడు. "అన్నేసి అడుగులు ఎట్లా లెక్కపెట్టుకోవాలండీ?" అని రావమ్మ నిజంగానే అడిగింది. ఈ సంగతి ఫోనులో విన్న రాజ్యం, తర్వాతి ఆదివారం స్మార్ట్‌వాచీతో దిగింది. వాళ్ళ షాపులోదే, అన్నింటికంటే చౌకది. నల్లటి బిళ్ళ, ఊదారంగు పట్టీ.

"అడుగులు ఇదే లెక్కపెడుతుందమ్మా. గుండె ఎంత కొట్టుకుంటోందో కూడా చూపిస్తుంది. మరీ ఎక్కువ కొట్టుకుంటే గర్రుమని చెప్తుంది" అంది.

"మా నాన్న వాచీకి పొద్దున్నే కీ ఇస్తే రోజంతా నడిచేది. దీనికి కరెంటు తాగించాలంట. తాగించాక మళ్ళీ మనిషే నడవాలంట. ఇంక ఇది చేసేదేంటి?" అన్నాను.

రాజ్యం నవ్వింది. "నిజం చెప్పనా నాన్నా? మా దగ్గర కొన్నోళ్ళలో సగం మంది నెల తిరక్కుండా సొరుగులో పడేస్తారు. కాలేజీ పిల్లలు పాటలు మార్చుకోటానికి కొంటారు, ఆటోవాళ్ళు ఫోనెవరు చేశారో చూసుకోటానికి కొంటారు. మామూలు వాళ్ళకి ఇది అవసరమా అంటే నేనూ చెప్పలేను. అమ్మకి మాత్రం అవసరం. అమ్మా, చేతినుంచి తియ్యనని మాటివ్వు."

రావమ్మ మాటిచ్చింది. కూతురి ఎదుట చిన్నపిల్లలా చెయ్యి చాపి కట్టించుకుంది.

మొదట ఎడమచేతికే కట్టింది. కానీ రాట్నం దగ్గర దారం సాగేది ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచే. అందుకే మా ఆడవాళ్ళు ఆ చేతి గాజుల్ని కూడా మోచేతిదాకా ఎగదోసుకుని కూర్చుంటారు. వాచీ గాజు కాదు, ఎగదోస్తే ఎక్కదు. పట్టీకి దారం తగులుకుని పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తెగింది. చూసి చూసి రావమ్మ వాచీని కుడిచేతికి మార్చుకుంది. కుడిచేత్తో చక్రం తిప్పాలి. ఆ సాయంత్రానికి వాచీ పదకొండువేల అడుగులు చూపించింది. ఆ రోజు ఆమె రాట్నం ముందు నుంచి లేచింది వంటకీ భోజనానికే.

చక్రం తిప్పిన ప్రతిసారీ అది అడుగనుకుంటోందని నాకు వెంటనే అర్థమైంది. నా ఆనందం చూడాలి. నిధి దొరికినట్టే. అప్పటికప్పుడు రాజ్యానికి ఫోన్ చేసి, "అమ్మా, మీ అమ్మ కూర్చున్నచోటు నుంచి కదలకుండా గుడివాడ దాకా వెళ్ళొచ్చింది" అన్నాను.

అది కూడా పడీపడీ నవ్వింది. నవ్వి, "అడుగులకి చెయ్యి ఊగితే చాలు నాన్నా, అందుకే మోసపోతుంది. గుండె లెక్క వేరు. అడుగున పచ్చలైటు వెలుగుతుంది చూడు, అది చర్మం లోపలికి చూసి చెప్తుంది. అది నమ్మొచ్చు" అంది. విన్నాను. నా చెవులతో నేనే విన్నాను.

మా వీధిలో పడుగుకి, అంటే బట్టలో నిలువు దారాలకి, గంజి పెట్టడమంటే అందరి పనీను. తెల్లవారుతూనే పడుగుని వీధి పొడుగునా చాపి, రెండు పక్కలా నిలబడి కుంచెలతో గంజి పట్టిస్తాం. ఎండెక్కేలోపు అయిపోవాలి. అందుకని ఎవరింటి పడుగైనా వీధంతా వస్తుంది. వర్షాలు తగ్గాక అలా ఒకరోజు పక్కింటి భానుచందర్ పడుగు దగ్గర చేరాం. అతనూ నేతపనివాడే, నన్ను బాబాయ్ అంటాడు. "మా అమ్మకీ ఇట్లాంటి వాచీ ఒకటి కొందామనుకుంటున్నా బాబాయ్. ఏమంటావ్?" అని అడిగాడు. వాళ్ళమ్మ సంపూర్ణమ్మ వదినకి కూడా బీపీ ఉంది.

అనడం కాదు, చూపిస్తానన్నాను. రావమ్మ చేతినుంచి వాచీ విప్పి, భానుచందర్ వాళ్ళ వరండాలో వేలాడుతున్న చీర ఉయ్యాలకి కట్టాను. అందులో అతని మూడు నెలల కూతురు నిద్రపోతోంది. వాళ్ళావిడని ఊపుతూ ఉండమన్నాను. గంజి పని సగమయ్యేసరికి ఆ పసిపిల్ల వెయ్యిన్ని చిల్లర అడుగులు నడిచింది.

"ఇంతకీ ఇది దేనికి పనికొస్తుంది బాబాయ్?"

"పసిపిల్లల్ని నిద్రలేపకుండా నడిపించటానికిరా!"

కుంచెలు వదిలేసి మరీ నవ్వారు. సంపూర్ణమ్మ వదిన కళ్ళనీళ్ళు తుడుచుకుని, "వద్దులేరా, నాకొద్దు" అంది. రావమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే ఉయ్యాల దగ్గరికెళ్ళి, వాచీ విప్పి, మళ్ళీ కుడిచేతికి కట్టుకుంది. "దాన్ని ఆడిపోసుకోకండి, పిల్ల ఇష్టంగా తెచ్చింది" అంది నాకు మాత్రమే వినబడేట్టు.

ఆ తర్వాత వాచీ మా ఇంట్లో ఓ నవ్వులాట అయిపోయింది. పప్పు రుబ్బితే ఎనిమిది వందల అడుగులు. దోమల్ని విసనకర్రతో తోలితే నూట యాభై. రోజూ సాయంత్రం రావమ్మ ఆ అంకెని ఫోనుతో ఫొటో తీసి రాజ్యానికి పంపేది, అటునుంచి చప్పట్ల బొమ్మలు వచ్చేవి. నిజంగా నడవటమనేది ఏ రోజుకా రోజు రేపటికి వాయిదా పడేది.

కార్తీకం వెళ్ళిన వారంలో, మంగళవారం నాడు, రాట్నం తిప్పుతుంటే వాచీ గర్రుమంది. రావమ్మ చెయ్యి ఆపి చూసి, "నూట ఇరవై ఎనిమిదంట. గుండె" అంది.

"చక్రం తిప్పుతుంటే కొట్టుకోదా?" అన్నాను నాడె ఆపకుండా.

"రోజూ తిప్పుతున్నాగా, ఎప్పుడూ అన్లేదు."

"ఇన్నాళ్ళూ నడుస్తున్నావనుకుంది, ఇప్పుడు పరిగెత్తుతున్నావనుకుంటోంది." ఆమె చిన్నగా నవ్వి మళ్ళీ చక్రం పట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం భోజనమయ్యాక చాపమీద నడుం వాల్చింది. నేను మళ్ళీ మగ్గమెక్కబోతూ ఉన్నాను. మళ్ళీ గర్రుమంది. ఈసారి చక్రం లేదు, ఉయ్యాల లేదు. చెయ్యి కదలకుండా పొట్టమీద ఉంది.

"ఏమండీ, నూట ముప్ఫై ఆరంటోంది. పడుకునే ఉన్నానుగా." మణికట్టు నావైపు తిప్పి, "పొద్దున్నించీ గుండెల్లో ఏదో రెపరెపలాడినట్టుంది. ఆయాసంగా కూడా ఉంటోంది. ఓసారి బందరు వెళ్ళొద్దామా?" అంది.

నేను జవాబు చెప్పేలోపే లేచి పెట్టె తెరిచి చీర తీసింది. ఆకుపచ్చ చీర, మామిడిపండు రంగు అంచు. రాజ్యం పుట్టిన ఏడాది నేను ఆమె కోసమని నేసింది. ఆసుపత్రికైనా పెళ్ళికైనా ఊరు దాటితే అదే కట్టేది. చీర చేతిలో పట్టుకుని నావైపు చూసింది.

నాకు ఆమె మీద కోపం లేదు. పని తెగిపోతుందన్న బాధ కూడా పెద్దగా లేదు. నోటిదాకా ఒక మాట వచ్చింది, అది మంచి మాటనిపించింది, ఆపుకోలేకపోయాను. అంతే.

"మూడు నెలల పిల్లని నడిపించిన వాచీ మాట పట్టుకుని బందరెళ్తామా? డాక్టరు ఏమైందమ్మా అంటే ఏం చెప్తావ్? మా వాచీకి దడగా ఉందండీ అంటావా?"

రావమ్మ నవ్వింది. నేనేమన్నా నవ్వేది, ముప్ఫై ఏళ్ళూ నవ్వింది. నవ్వి, "మీరు చెప్పాక ఇంకేముందిలెండి" అని చీర మడత పెట్టి పెట్టెలో పెట్టేసింది. పెట్టె మూత వేశాక కాసేపు దానిమీదే చెయ్యి ఆనించి నిలబడింది. అప్పుడది నాకు పట్టలేదు. ఇప్పుడు కళ్ళు మూస్తే అదే కనిపిస్తోంది.

శనివారం మా పడుగు. తెల్లవారుతూనే వీధంతా వచ్చింది. రావమ్మ ఒక చేత్తో గంజి గిన్నె, ఒక చేత్తో కుంచె పట్టుకుని అవతలి పక్కన ఉంది. ఆరున్నర ప్రాంతంలో ఆమె ఆగి మణికట్టు వంక చూసుకోవటం చూశాను. తలెత్తి నావైపు చూసింది. నేనప్పుడు ఎవరికో ఏదో చెప్పి నవ్విస్తున్నాను. ఆమె నెమ్మదిగా వాచీ విప్పి, మా కిటికీ ఊచకి కట్టేసి, మళ్ళీ వచ్చి కుంచె పట్టుకుంది. మాటిచ్చిన తర్వాత తనంతట తాను ఆమె దాన్ని తీయటం అదే మొదటిసారి.

పావుగంటకి, పడుగు పక్కనే కూలబడిపోయింది. కుంచె చేతిలోనే ఉంది.

భానుచందర్ ఆటో తెచ్చాడు. ఇరవై నిమిషాల్లో బందరు చేరాం. ఆ ఇరవై నిమిషాలూ ఆమె తల నా ఒళ్ళోనే ఉంది, వేళ్ళమీద గంజి ఎండి తెల్లగా పొలుసులు కడుతోంది. ఆసుపత్రిలో చూసి, దారిలోనే పోయిందన్నారు.

రాజ్యం పామర్రు మీదుగా వచ్చే బస్సు పట్టుకుని చేరేసరికి పదకొండు దాటింది. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, ఓపిగ్గా చెప్పాడు. గుండె లయ తప్పి ఉంటుందన్నాడు. కొందరికి రెండు మూడు రోజుల ముందునుంచే దడ, ఆయాసం ఉంటాయని, అప్పుడు తీసుకొస్తే చాలాసార్లు మందులతోనే సర్దుకుంటుందని చెప్పి, నావైపు తిరిగాడు. "ముందు ఏమన్నా చెప్పారా అండీ ఆవిడ?"

రాజ్యం నా మొహంలోకి చూస్తోంది.

"లేదండీ" అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. వెటకారాలెంత తేలిగ్గా వచ్చేవో అదీ అంతే తేలిగ్గా వచ్చింది.

వాచీ కిటికీ ఊచకే వేలాడుతూ ఉండిపోయింది. కర్మకాండల గొడవలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. తొమ్మిదోరోజున నేనే తీశాను. ఛార్జింగ్ పెట్టగానే బతికింది. వేలితో పైకి తోస్తే పాత కబుర్లన్నీ వరుసగా వస్తాయని రాజ్యమే నేర్పింది మాకు. వచ్చాయి. మంగళవారం, నూట ఇరవై ఎనిమిది. గురువారం, నూట ముప్ఫై ఆరు. శనివారం ఆరు గంటల ముప్ఫై నాలుగు నిమిషాలకి, నూట నలభై ఒకటి. ఒక్కోదాని పక్కన ఎర్రటి గుండె బొమ్మ. పక్కకి తోసేస్తే పోతాయని కూడా తెలుసు. మూడుసార్లు వేలు ఇటు జరిపితే చాలు, నేను చేసింది చూసిన సాక్షి ఈ భూమ్మీద ఉండదు. వేలు ఆనించాను కూడా. జరపలేక, దాన్ని నా పంచెల మడతల్లో దాచాను.

పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్ళిపోయిన మధ్యాహ్నం, రాజ్యం వాళ్ళమ్మ రాట్నం ముందు కూర్చుంది. సగం చుట్టిన కండె ఇంకా దానికే ఉంది.

"రేపు వెళ్ళి ఉద్యోగం మానేస్తానని చెప్పేస్తా నాన్నా" అంది.

"ఎందుకమ్మా?"

"ఆ కౌంటర్లో నిలబడలేను. ఎవరన్నా వచ్చి మా అమ్మకి కావాలి, ఇది పనికొస్తుందా అంటే ఏం చెప్పను? ఇన్నాళ్ళూ గుండె లెక్క నమ్మండి, నమ్మండి అని అమ్మాను. మా అమ్మ దగ్గరే అది నోరు మూసుకు కూర్చుంది." సగం చుట్టిన కండెని వేలితో తిప్పింది. "ఇంకో నెల ఆగితే మంచిది కొనగలిగేదాన్ని. తొందరపడి చౌకది కొన్నా. అందుకే అమ్మకి చెప్పలేదది. నా చేతులారా పనికిరానిది తెచ్చి కట్టాను నాన్నా."

ఏడుస్తోంది. నా తప్పుని నెత్తినేసుకుని నా ఎదుటే ఏడుస్తోంది. ఓదార్చటానికి నాకు రెండే దారులున్నాయి. నీ తప్పేం లేదమ్మా, తలరాత అని తల నిమిరితే, నాకు కూతురు మిగులుతుంది. ఆ పిల్లకి మాత్రం ఈ ఏడుపు జన్మంతా మిగులుతుంది. నిజం చెబితే నాకు ఎవరూ మిగలరు.  సిగ్గు విడిచి చెబుతున్నాను, తల నిమరటానికి చెయ్యి ఎత్తాను కూడా.

తర్వాత లేచి వెళ్ళి పంచెల్లోంచి వాచీ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను.

"చెప్పిందమ్మా. మూడుసార్లు చెప్పింది. పనికొచ్చే వస్తువే తెచ్చావు నువ్వు. నేనే పనికి రానివ్వలేదు."

రాజ్యం పైకి తోసి చూసింది. ఒకసారి చూసి, మళ్ళీ మొదటినుంచి చూసింది.

"అమ్మ నీకు చూపించిందా?"

"రెండుసార్లు చూపించింది. బందరు వెళ్దామంది. నేను నవ్వాను. శనివారం చూపించలేదు. అందరిముందూ నవ్వుతాననుకుని తీసి కిటికీకి కట్టేసింది."

"డాక్టరు అడిగినప్పుడు లేదన్నావ్."

"అన్నాను."

"నేను పక్కనే ఉన్నా నాన్నా."

 తిడుతుందనుకున్నాను. రెండు దెబ్బలు వేసినా పడదామనుకున్నాను. ఆ పిల్ల వాచీ పట్టీని నెమ్మదిగా మడిచింది. మడిచి, "వెళ్దామన్నప్పుడు ఏ చీర తీసింది?" అని అడిగింది. వాళ్ళమ్మ ఊరు దాటాలంటే ముందు చీర తీస్తుందని దానికి తెలుసు.

చెప్పాను. లేచి, పెట్టె తెరిచి, ఆకుపచ్చ చీరని తన సంచిలో పెట్టుకుంది. వాచీ కూడా పెట్టుకుంది. బస్టాండు దాకా వస్తానంటే వద్దంది.

తర్వాత రెండు నెలలు నాకు ఫోను లేదు. నేను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఎదురుగా రాట్నం ఖాళీ. కండెలు నేనే పొద్దున్నే చుట్టుకుని మగ్గమెక్కేవాణ్ణి. దారం అయిపోయిన ప్రతిసారీ చెయ్యి అలవాటు కొద్దీ ముందుకి సాగేది. ఎన్నిసార్లు చాచి వెనక్కి తీసుకున్నానో లెక్కపెట్టే వాచీ లేదు.

నేను వీధిలో తీర్పులు మానేశాను. అయినా భానుచందర్ సంక్రాంతి వెళ్ళాక వాళ్ళమ్మకి వాచీ కొన్నాడు. "రాజ్యం షాపులోనే తీసుకున్నా బాబాయ్" అన్నాడు మొహమాటంగా. ఉద్యోగం మానలేదన్నమాట.  "రాట్నం దగ్గర తీసి పక్కన పెట్టుకోమంది. అడుగులు ఎన్నయినా పట్టించుకోవద్దంది. కూర్చున్నప్పుడు గుండె గురించి గర్రుమంటే మాత్రం, ఎవర్నీ అడక్కుండా బందరు వెళ్ళమంది."

"ఎవర్నీ అడక్కుండా అందా?"

"అంది."

"నా గురించేమన్నా..."

"లేదు బాబాయ్."

పోయిన బుధవారం పొద్దున పది దాటాక సంపూర్ణమ్మ వదిన మా గుమ్మంలో నిలబడింది. భానుచందర్ పనిమీద గన్నవరం వెళ్ళాడు. ఎంత వద్దన్నా ముప్ఫై ఏళ్ళ అలవాటు పోదు కదా, అడగటానికి నా దగ్గరికే వచ్చింది.

"అంకమ్మరావూ, ఇది గర్రుమంటా ఉందయ్యా. నూట ఇరవై అంట. నాకేమో బాగానే ఉంది. ఏమంటావ్?"

 నాడె వదిలేసి గుంటలోంచి లేచాను. కాలు తగిలి రెండు పోగులు తెగాయి. వీధిలోకి పరిగెత్తి ఆటో ఆపాను. "నాకు బాగానే ఉందయ్యా బాబూ, పొయ్యిమీద పప్పుంది" అని ఆమె మొత్తుకుంటున్నా వినకుండా ఎక్కించాను. వీధిలో ఎవరో, "ఏంటి బాబాయ్, వాచీకి జ్వరమొచ్చిందా?" అన్నారు. నలుగురు నవ్వారు. నా మాటలు నాకే తిరిగొచ్చాయి. నవ్వనీ అనుకున్నాను.

అదే ఆసుపత్రి, అదే డ్యూటీ డాక్టరు. నన్ను గుర్తుపట్టలేదు. "ముందు ఏమన్నా చెప్పారా అండీ?" అన్నాడు.

"చెప్పారండీ. వాచీ కూడా చెప్పింది. నూట ఇరవై" అన్నాను. గొంతు పెద్దదైపోయినట్టుంది, అందరూ తిరిగి చూశారు.

ఈసీజీ తీశారు. బీపీ చూశారు. అన్నీ సవ్యంగా ఉన్నాయన్నారు. డాక్టరు వదిన మణికట్టు పట్టుకుని నవ్వాడు. "పట్టీ వదులుగా ఉందమ్మా, అందుకే తప్పు చూపించింది. ఒక రంధ్రం బిగించి కట్టుకోండి." ఈసారి వాచీ అబద్ధం చెప్పింది. ఆ అబద్ధం ఎంత హాయిగా ఉందో ఏమని చెప్పను. ఆ హాయి వెనకే ఏడుపొచ్చి, వెళ్ళి వరండాలో బల్లమీద కూర్చున్నాను. రావమ్మని తెచ్చిన రోజు కూర్చున్న బల్లే అది.

వదిన ఊరుకోలేదు. ఫోను తీసి రాజ్యానికి చేసి, స్పీకరు పెట్టింది. "చూడమ్మాయ్, మీ నాన్న చేసిన పని! పొయ్యిమీద పప్పు కూడా దించనివ్వకుండా ఆటోలో కుదేసి బందరు తెచ్చిపడేశాడు. నాకేం లేదంట. ఇప్పుడేమో తనే ఇక్కడ కూర్చుని ఏడుస్తన్నాడు."

 అటునుంచి బీసెంట్ రోడ్డు హారన్లు మాత్రం వినిపిస్తున్నాయి. పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"నాన్నా" అంది రాజ్యం.

రెండు నెలల తర్వాత వింటున్నాను ఆ పిలుపు. "ఆఁ, అమ్మా" అన్నాను.

"ఎంతసేపు పట్టింది?"

వదిన మణికట్టు వంక చూశాను. పదీ పదికి ఆటో ఎక్కాం. ఇప్పుడు పదకొండూ ఇరవై.

"పోవటం, చూపించుకోవటం అంతా కలిపి గంటా పదినిమిషాలమ్మా. ఆ గురువారం మీ అమ్మ అడిగిందీ ఇంతే."

అటునుంచి రాజ్యం ఏడుపు వినిపించింది. నేను ఫోను పెట్టలేదు. అది కూడా పెట్టలేదు.